పాత యంత్రంలో ఆగమసంధి

చేవెళ్లలోని మా ఇంటి ముందుగదిలో, పుస్తకాల బీరువాకూ కిటికీకీ నడుమ, ఒక నల్లని ఇనుపపెట్టె కొన్నాళ్లుగా స్థిరవాసం చేస్తున్నది. చూడవచ్చినవారిలో సగంమంది అది పాత కూలరనుకొని దాని ఎదుటికి కుర్చీ లాగుకొని కూర్చుంటారు. అది కూలరు కాదు. వర్క్‌స్టేషన్ అనే జాతికి చెందిన కంప్యూటరు. ఇళ్లలో వాడుకొనే కంప్యూటర్ల కంటె బలిష్ఠమైనది, ఇద్దరు పట్టితే గాని లేవనంత బరువైనది. యంత్రాల పటాలు గీయడానికి మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాలవారు ఒకప్పుడు దానిని తెప్పించారు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్న నేను, డెబ్బదేండ్ల వయస్సులో, దాని పొట్టలో ఒక కొత్త ఆపరేటింగ్ సిస్టమును ప్రతిష్ఠింపజేయడానికి పూనుకొన్నాను. ఆ పూనికలో, చిన్ననాడు మా పెద్దబాపు నేర్పిన వ్యాకరణమే నాకు దారి చూపింది. ఆ వ్యాకరణమే కొంపలు ముంచబోయింది కూడా.

ముందుగా ఎస్తేరమ్మను గూర్చి చెప్పాలి. ఆమెది చిన్న మంగళారం. ఆ కళాశాల కంప్యూటరు గదిలో అటెండరుగా చేరి, గది ఊడ్చి తాళాలు వేయడంతో మొదలుపెట్టి, చూసి చూసి యంత్రాల గుట్టంతా నేర్చుకొన్న మనిషి. ఉద్యోగం విరమించి ఇప్పుడు ఇంటి వెనుక అరెకరంలో కొత్తిమీర పండించుకొంటున్నది. ఏదో కాగితం కోసం పాత కళాశాలకు వెళ్లిన ఆమె, ఒక ఉదయం అక్కడి నుండే నాకు ఫోను చేసింది.

"సారు, మీ పెద్దబాపు పెట్టె తుక్కుల వోతున్నది. ట్రాలీల ఎక్కిస్తున్రు. వస్తరా, పోనియ్యాల్నా?"

"ఏ పెట్టెనమ్మా?"

"ఏ పెట్టె అంటరేంది! మాటల పెట్టె. నేను ట్రాలీకి అడ్డం నిలవడ్డ. జల్ది రాండ్రి, డ్రైవరు నన్ను తిడుతున్నడు."

మాటల పెట్టె అన్నది వినగానే నేను బస్సు కోసం కూడ ఆగలేదు. ఆటో మాట్లాడుకొని పోయాను. మా పెద్దబాపు, అంటే మా తండ్రిగారి అన్న, జీవితమంతా మా ప్రాంతపు పల్లెమాటలను ఏరి నోటుపుస్తకాలలో వ్రాసుకొన్నారు. ఎనభై దాటి చూపు మందగించిన తరువాత ఆ పుస్తకాలను సంచిలో పెట్టుకొని, మొయినాబాద్ బస్సెక్కి, ఆ కళాశాలలో మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ఈ యంత్రం పక్కన కూర్చొని, ఎస్తేరమ్మ చేత మాటలన్నిటినీ టైపు చేయించారు. అప్పుడు నేను దూరపు ఊళ్లలో ఉద్యోగం చేస్తున్నాను. ఆయన పోయిన తరువాత నోటుపుస్తకాలను ట్రంకుపెట్టెలో భద్రపరచినాననే అనుకొన్నాను. ఏండ్లు గడచి తెరిచి చూస్తే, చెదలు అట్టలు మాత్రం మిగిల్చి లోపలిదంతా మట్టి చేసి ఉన్నాయి. ఆ నేరం నాది. ఎవరి మీదికీ నెట్టలేను. ఆయన ఏరిన మాటలు లోకంలో ఎక్కడైనా మిగిలి ఉంటే, అవి ఈ నల్లపెట్టెలోని డిస్కు మీదనే మిగిలి ఉండాలి.

పెట్టెను ఇంటికి చేర్చి మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు, వేడెక్కిన దుమ్ము వాసన గదంతా కమ్ముకొన్నది. కందికట్టెలతో పొయ్యి ముట్టించిన వెంటనే లేచే తొలిపొగకు అది దగ్గరి చుట్టం. ఆ వాసన నన్ను తిన్నగా మా పెద్దమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టింది. మా చిన్ననాటి ఇంట్లో ప్రతి ఉదయమూ ఆ పొగతోనే మొదలయ్యేది. పెద్దమ్మ జొన్నపిండిని వేడినీళ్లతో పిసికి, ముద్దను రెండు చేతులతో చరచి రొట్టె చేసేది. ఆ చరుపుల చప్పుడుకు సరిగా తూగేటట్టు వాకిట్లో పెద్దబాపు నా చేతా మా చెల్లెలి చేతా పద్యాలు చెప్పించేవారు. చప్పుడు ఆగితే పద్యమూ ఆగేది. "ఏమాయె?" అని ఆయన లోపలికి కేక వేసేవారు. "పిండి ఒడిసింది. మీ గణాలు ఇంక ఒడువలేదా?" అని పెద్దమ్మ అంతకంటె గట్టిగా బదులిచ్చేది. పెనం మీద కాలుతున్న రొట్టె వాసనా, తాళింపు పడిన పచ్చిపులుసు వాసనా మమ్మల్ని పిలుస్తుంటే, యతి ఎక్కడ పడిందో చూపనిదే లేవనిచ్చేవారు కారు.

రొట్టె తిన్న తరువాత ఆయన అరుగు మీద కూర్చొని పెన్సిలు చెక్కుకొనేవారు. చెక్కిన పొట్టును నేల మీద రాలనీయక, అరచేతిలో పట్టి, అంగీజేబులో వేసుకొనేవారు. పెద్దమ్మ ఆ అంగీని ఉతికినప్పుడల్లా ఆ జేబుకు శాపనార్థాలు పెట్టేది. అంగడికి కూరగాయల గంపలతో పోయే ఆడవాండ్లందరూ మా వాకిటి ముందు నుండే పోవాలి. ఆయన ఒక్కొక్కరినీ ఆపి, "ఏమవ్వా, దీన్ని మీ ఊళ్లె ఏమంటరు? ముదిరితే ఏమంటరు? పుచ్చితే ఏమంటరు?" అని అడిగేవారు. శంకర్‌పల్లి వైపు నుండి వచ్చే ఒక ముసలామె, గంప దించకుండానే, "కొంటవా అయ్యా, పేరడిగి పంపుతవా? నిన్నటి పేరు పైసలే ఇంక రాలే" అన్నది. ఆయన నవ్వి, ఆమెకు చెంబెడు మజ్జిగ ఇప్పించి, "పంపుతవా" అన్న మాటను కూడ ఆమె పలికిన తీరుగానే వ్రాసుకొన్నారు.

సంధిపాఠం చెప్పిన రోజు నాకు ఇంకా కండ్లకు కట్టినట్టున్నది. రెండు పదాలు కలిసేచోట మూడవ అక్షరం ఒకటి వచ్చి, ఎవరినీ లేవగొట్టకుండా నడుమ చోటు చేసుకొని కూర్చుంటే అది ఆగమం. మా, అవ్వ అనే రెండు మాటలు కలిసి మాయవ్వ అయినప్పుడు, యకారం అట్లా వచ్చినదే. ఉన్న అక్షరాన్ని పడగొట్టి దాని చోటును కొత్త అక్షరం ఆక్రమిస్తే అది ఆదేశం. వాడు పోయె అన్నది వాడు వోయె అయినప్పుడు పకారం బయటికి పోయి వకారం లోపలికి వచ్చింది. ఆగమాన్ని స్నేహితునితోను, ఆదేశాన్ని పగవానితోను పోల్చి చెప్పడం వ్యాకరణం చెప్పేవారికి పరిపాటి. పెద్దబాపు పోలికతో తృప్తి పడలేదు. నన్నూ మా చెల్లెలినీ ఒకే పీట మీద కూర్చోబెట్టి, తాను వచ్చి, "జర జరుగుండ్రి" అని నడుమ ఇరుక్కొని కూర్చొన్నారు. "ఇది ఆగమం." తరువాత లేచి, నన్ను భుజం పట్టి నేల మీదికి దొర్లించి, నా చోట తాను కూర్చొన్నారు. "ఇది ఆదేశం." మోచేయి గీసుకుపోయి నేను ఏడ్చాను. ఆ గీరుడు పుణ్యమా అని ఈ రెండింటి భేదాన్ని జన్మలో మరువలేదు. నా వద్ద చదివిన వందలమందినీ మరువనీయలేదు.

యంత్రం విషయానికి వస్తాను. పెట్టె మేల్కొన్నది గాని లోపలికి రానీయలేదు. పాస్‌వర్డు అడిగింది. అది పెట్టిన అధ్యాపకుడెవరో, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. డిస్కును ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలిద్దామంటే, అటువంటి తీగ ఇప్పుడు దొరకదని మొయినాబాద్ దుకాణాలన్నీ చేతులెత్తేశాయి. ఎస్తేరమ్మ రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. పాత ఆపరేటింగ్ సిస్టమును కదల్చకుండా, అదే డిస్కులో ఖాళీగా ఉన్న జాగాలో లినక్సు అనే వేరొక సిస్టమును దించితే, ఆ కొత్త వాకిటి నుండి లోపలికి పోయి పాత గదిలోని సామానును తెచ్చుకోవచ్చునట. లినక్సు ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని పెట్టుకోదగినది. ముసలి యంత్రాలను కూడ చిన్నచూపు చూడదు. "పెద్ద ఫికర్ లేదు సారు. కని ఒక్క తాన తప్పు నొక్కితే డిస్కు మొత్తం సాఫ్ అయితది. గందుకే నిమ్మళంగ చెయ్యాలె" అన్నది. జిరాక్సు దుకాణంలో దానిని సీడీ మీదికి ఎక్కించుకొని మా ఇంటికి వచ్చింది.

ఆ రోజే నాకు కంటి డాక్టరు దగ్గర వంతు ఉండెను. ఆమెను యంత్రం ముందు కూర్చోబెట్టి, నేను మెహదీపట్నం బస్సెక్కాను. బస్సు మొయినాబాద్ దాటుతుండగా ఫోను మోగింది. బస్సు నిండా కాలేజీ పిల్లల గోల, కిటికీలో గాలి.

"సారు, రెండు తొవ్వలు సూపెడ్తున్నది. పాతదాన్ని ఉంచి పెట్టాల్నా, పాతదాన్ని తుడిచి పెట్టాల్నా అని అడుగుతున్నది. నాకెర్కనే గని, మీ సొమ్ము, మిమ్మల్ని అడగక నొక్కద్దు కద."

ఆమె చెప్పిన రెండు దారులూ నా చెవిలో పడగానే, అరవై ఏండ్ల కిందటి పీట నా కండ్ల ముందుకు వచ్చింది. కంప్యూటరు ఆగమమా, ఆదేశమా అని అడుగుతున్నదన్నమాట! నా శాస్త్రం ఇంత దూరం వచ్చిందా అని నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. నిండు బస్సులో గొంతెత్తి, "ఆగమమే చేయాలమ్మా! ఆదేశం వద్దు. ఆదేశం ససేమిరా కూడదు!" అన్నాను.

"ఏందీ? ఆగమా? ఆగం చెయ్యాల్నా సారు?"

"అవునవును, ఆగమమే! భయపడకు, కానియ్!"

ఫోను తెగిపోయింది. పక్క సీటు అతను నా వైపు అదోలా చూసి సంచి దగ్గరికి లాగుకొన్నాడు. ఎందుకో నాకు అప్పుడు తోచలేదు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గదిలో ఎస్తేరమ్మ లేదు. పెట్టె నల్లగా, చప్పుడు లేకుండా ఉన్నది. సీడీ కూడ లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పని ముగిసి వెళ్లిందా, మధ్యలో ఏదైనా పాడై చెప్పడానికి మొగమాటపడి వెళ్లిందా తెలియక, మీట నొక్కి చూసే ధైర్యం చాలక, దాని ముందు కుర్చీ వేసుకొని కూలరు ముందు కూర్చొన్నట్టే కూర్చొన్నాను. చెదలు తిన్న ట్రంకుపెట్టె మూత తెరిచిన నాటి మట్టివాసన మళ్లీ ముక్కుకు తగిలింది. ఆ మాటలు రెండవసారి కూడ నా చేతి మీదుగానే పోయాయేమో!

మరునాడు పొద్దున్నే చిన్న మంగళారం పోయాను. ఎస్తేరమ్మ ఇంటి ముందు కూర్చొని కొత్తిమీర కట్టలు కడుతున్నది. నన్ను చూసి లేచింది, ముక్కాలిపీట వేసింది, కాని మొగం తిప్పుకొన్నది.

"ఏమమ్మా, పెట్టె ఏమైంది?"

"నన్నేం అడుగుతరు? నేను దాన్ని ముట్టలే. బందు చేసి, సీడీ తీసుకొని ఇంటికొచ్చిన. ఆరు నెలలు వేళ్లు నొయ్యంగ కొట్టిన మాటలు సారు అవి. మీ పెద్దబాపు కట్టిన ఇంటిని మీరు కూలగొట్టుకుంటే కూలగొట్టుకోండ్రి. నన్ను గడ్డపార పట్టుమనకుండ్రి."

"నేనెప్పుడన్నాను కూలగొట్టమని?"

"బస్సులకెల్లి మొత్తుకుంటిరి కద! ఆగమే చెయ్యి, భయపడకు, కానియ్ అని. మళ్ల ఆదేశం వద్దంటిరి. ఆదేశమంటె కమాండే కద. కమాండియ్యకుండ ఎట్ల ఆగం చెయ్యాలె? సుత్తె వట్టి కొట్టాల్నా?"

ఆగం అంటే మా ప్రాంతంలో నాశనం, చెల్లాచెదరు, దిక్కులేనితనం. పుట్టి పెరిగిన ఊరిమాట, పెద్దమ్మ రోజుకు పదిసార్లు అన్న మాట, నా వ్యాకరణపు గర్వం కింద ఎట్లా మరుగున పడిపోయిందో! బస్సులో పక్క సీటు అతను సంచి ఎందుకు లాగుకొన్నాడో కూడ అప్పుడే తెలిసింది. నవ్వు ఆపుకోలేక, ఆమె ముందున్న కొత్తిమీర కట్టలు రెండు పక్కపక్కన పెట్టి, మూడవ కట్టను నడుమ ఇరికించి ఆగమం చూపాను. ఒక కట్టను తీసివేసి, దాని చోట ఇంకొకటి పెట్టి ఆదేశం చూపాను. ఎస్తేరమ్మ అంతా విని, తీసివేసిన కట్టను నా చేతి నుండి లాక్కొని గంపలో పెట్టింది.

"గదేదో ఉన్నదాన్ని ఉండనియ్యి అంటే అయిపోవు కద సారు! గన్ని సదువులు సదివిండ్రు, గంత చిన్నమాట దొర్కలేదా మీకు?"

"దొరకలేదమ్మా."

"నేను గిట్ల మాట వినేదాన్నయితే ఏమయ్యేది?"

శిష్యులు చెప్పిన మాట వినాలని బోధిస్తూ బ్రతికినవాడిని, నా మాట వినని ఒక మనిషి మూలంగా గట్టెక్కాను.

ఆ పూటే ఇద్దరమూ కలిసి చేవెళ్లకు వచ్చాము. ఈసారి ఆమె నా చేతనే మీట నొక్కించింది. "మీరే నొక్కుండ్రి, రేపు నా మీదికి రావద్దు" అన్నది. డిస్కు బొమ్మ ఒక పొడుగుపాటి పట్టీలాగ తెర మీద కనబడింది. పాతదానికి ఎంత చోటు, కొత్తదానికి ఎంత చోటు అని గట్టు జరిపినట్టు జరిపాము. పాతదాని వైపే కొంచెం ఎక్కువ ఉంచమన్నాను. పంకా రొద పెంచి, డిస్కు కటకటలాడుతూ, ఆ ముసలి యంత్రం రెండు మూడు గంటలు శ్రమించింది. మేము రెండుసార్లు చాయ తాగాము. చివరకు అది తనంతట తాను ఆరి, వెలిగి, నల్లని తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి చూపింది: మొదట కొత్తది, దాని కింద పాతది. ఎవరి చోట వారు ఉన్నారు.

కొత్త వాకిటి నుండి లోపలికి పోయి పెద్దబాపు ఫైలు తెరిస్తే, మొదట కనబడినవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ. ఎస్తేరమ్మ తొణకలేదు. "ఇది ఆ కాలపు ఫాంటు సారు. తెలుగు లోపట ఉన్నది, మొగం లేదు, గంతే" అన్నది. పాత గదిలోనే ఆ ఫాంటు ఉన్నది. వెదకి తెచ్చి తగిలించగానే, ఆ గీతలన్నీ కొమ్ములూ గుడులూ తలకట్లూ తొడుక్కొని తెలుగై నిలిచాయి. పుచ్చిన వంకాయకు పేరు, ముదిరిన బీరకాయకు పేరు, గంప చుట్టకుదురుకు పేరు. ఒక్కొక్కటి పైకి చదువుతూ పోయాను. చదివినదంతా చదివినట్టే రెండు పెన్‌డ్రైవులకు ఎక్కించి, ఒకటి ఆమెకిచ్చి ఒకటి నేను తీసుకొన్నాను.

నాలుగైదు రోజులు అదే పనిగా చదివాను. చదువుతుండగా కొన్ని మాటల వద్ద నా నడక తడబడసాగింది. పెద్దబాపు ఏ మాటకైనా విన్న ఊరు వ్రాసేవారు. వీటికి ఊరు లేదు. అన్నీ కూలిపనికి చెందినవి. మునుం అన్న మాటకు, నాటుకో కోతకో వరుసకట్టిన ఆడవాండ్లు ఒక్కొక్కరు తమ వంతుగా పట్టుకొనే సాలు అని అర్థం వ్రాసి, ముందుండి పాట ఎత్తేదానికి చివరి మునుం ఇవ్వరని కూడ చేర్చి ఉన్నది. ఇది ఆయన వాక్యం కాదు. వరి చేలో ఆయన ఎన్నడూ దిగలేదు. ఎస్తేరమ్మను పిలిపించి, ఇవి ఎట్లా వచ్చాయో, ఎవరివో తెలియక పోతే తీసివేయవలసి ఉంటుందని కొంచెం కటువుగానే అన్నాను.

ఆమె తెర వైపు తిరిగింది. "తియ్యమంటె తీస్త సారు. అవి మా అవ్వ మాటలు. కొట్టుకుంట కొట్టుకుంట నేనే నడుమ నడుమ పెట్టిన."

"పెద్దబాపుకు తెలియకుండానా?"

"ఆయనకు కండ్లు కనవడక పోయేది గని చెవులు పాము చెవులు. దినాం కొట్టినయన్ని సదివి ఇనిపియ్యాలె. మునుం తాన ఆపిండు. 'ఇది నేనెప్పుడు రాసిన ఎస్తేరూ?' అన్నడు. 'మర్చిపోయిండ్రు బాపూ' అన్న. 'కానియ్, మంచిమాటనే. ఇంకోసారి సదువు' అన్నడు. గప్పటిసంది దినానికి ఒకటి రెండు ఆయనే అడిగేటోడు, 'ఇయ్యాల నేను మర్చిపోయినయి ఏమన్న ఉన్నయా?' అని."

ఆ మాట విన్న తరువాత నేను ఆ అరుగును వేరు విధంగా తలచుకోవలసి వచ్చింది. పెద్దబాపు మాటలను ఏరారని అనుకొంటూ వచ్చాను; నిజానికి ఆయన మా వాకిటి ముందు నుండి నడిచిపోయిన మాటలనే ఏరారు. ఎస్తేరమ్మ వాళ్ల అవ్వ, అంటే ఆమె తల్లి, మా వాకిటి ముందుకు ఎన్నడూ రాలేదు. రాదగిన తీరుగా ఆ కాలం లేదు, మా ఇల్లూ లేదు. ఎనభై ఏండ్లకు, చూపు పోయిన తరువాత, బస్సెక్కి ఒక పరాయి గదికి పోయి, టైపు చేసే మనిషి పక్కన కూర్చుంటే గాని ఆయనకు ఆ మాటలు వినబడలేదు. మొయినాబాద్ చుట్టూ ఆనాడు మునుం పట్టిన చేలు ఇప్పుడు ఫాంహౌసుల ప్రహరీగోడల వెనుక పచ్చిక మైదానాలై ఉన్నాయి. అక్కడ గడ్డి కోసే యంత్రానికి వరుసా లేదు, పాటా లేదు. అప్పటి కాలం మంచిదని నేను అనను; నా చిన్ననాటి ఇంటికి ఎన్ని సువాసనలు ఉన్నాయో అన్ని మూసిన తలుపులూ ఉన్నాయి. ఆ మాటలు మాత్రం మంచివి, వాటిని పోనీయను. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

ఆ మాటలన్నిటినీ గ్రంథంగా అచ్చు వేయించాలని తలపెట్టి, మొదటి పుట సిద్ధం చేస్తున్నాము. పెద్దబాపు పేరు పైన ఉన్నది. దాని కింద, మాటలు ఇచ్చినవారు అని వ్రాయించి, "మీ అవ్వ పేరేమిటి?" అని అడిగాను. ఇన్నేండ్ల పరిచయంలో ఆ ప్రశ్న నేను అడగలేదని, అడిగిన తరువాత తెలిసింది.

ఎస్తేరమ్మ మీటల మీద వేళ్లు ఆపింది. "పుట్టినప్పుడు పెట్టింది లచ్చువమ్మ. బాప్తిస్మమైనంక లూదియ. ఏది కొట్టాలె సారు?"

"రెండూ కొట్టమ్మా" అన్నాను.